పాత వీణకు క్రొత్త పలక

వాద్యము వినుటకై పుట్టిన వస్తువు. విగ్రహమును చూచి మ్రొక్కవచ్చును. పటమును గోడకు తగిలించి మురియవచ్చును. వాద్యము మాత్రము మ్రోగనిచో కొయ్యయు తీగయు తప్ప మఱేమియు కాదు. ఇంతవరకు అందఱును ఒప్పుకొందురు. చిక్కు ఆపైని వచ్చును. మ్రోగుకొలది వాద్యము అరుగును. అరిగినదానిని బాగుచేయవలెను. బాగుచేయుకొలది అందు పాతది తగ్గి క్రొత్తది పెరుగును. దేనిని కాపాడవలెనని పూనుకొంటిమో అది మన చేతులలోనే కరగిపోయినదా అను సందేహము కడకు పుట్టును. మ్రోగింపక దాచితిమా, అది ఉండియు లేనిదగును. మరమ్మతు చేయించి మ్రోగించితిమా, ఇది అదేనా అని అడుగువారు వత్తురు. ఈ రెంటి నడుమ ధర్మమెట్టిదో విచారించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ఇది పండితులు పొద్దుపుచ్చుటకై కల్పించిన ప్రశ్న కాదు. అంకులి మొదలుకొని బరంపురము పాతపేటల వఱకు తరతరములుగా స్థిరపడియున్న తెలుగు కుటుంబములలో, వీణనో వయొలిన్‌నో హార్మోనియమునో గుడ్డచుట్టి అటకపై ఉంచిన ఇండ్లు లేకపోలేదు. అట్టి ఒక ఇంటి సంగతిని ఊహింతము. అమ్మమ్మ వాయించిన వీణ కలదు. కుండపై పలక చీలినది. 'దానిని ముట్టవలదు. అది అమ్మ చేయి తగిలిన కొయ్య' అని మేనమామ అనును. 'నేను నేర్చుకొనుచున్నాను మామయ్యా, పలక మార్పించి ఇయ్యుడు' అని మేనకోడలు అడుగును. 'పలక మార్చి పలకరింపగలను గాని బాబూ, దండియు కొంచెము వంగినది. దీనిపై పెట్టు డబ్బుతో క్రొత్తది వచ్చును' అని పనివాడు చెప్పును. ముగ్గురును మంచివారే. ముగ్గురి మాటలోను సత్యము కలదు. ఎవరి మాట నిలువవలెను?

తీర్పు చెప్పుటకు ముందు వస్తువును చక్కగా ఎఱుగవలెను. వాద్యమెట్లు కట్టబడునో తెలియనివాడు దాని ధర్మమును తెలియజాలడు.

తంత్రీవాద్యములు పలు తెఱగులు. వ్రేళ్ళతో మీటునవి కొన్ని, కమానుతో వాయించునవి కొన్ని, చిన్న కఱ్ఱలతో తీగలను కొట్టి పలికించునవి కొన్ని. ఈ మూడవ తెగకు మన దేశమున ప్రసిద్ధమైనది కాశ్మీరపు సంతూరు. శతతంత్రీవీణ యను పేరును దీనికి చెప్పుదురు. ఒక ప్రక్క వెడల్పుగను ఎదుటి ప్రక్క కురుచగను ఉండు పెట్టె దాని శరీరము. పైపలక మీద 25 చిన్న గుఱ్ఱములు, ఒక్కొక్క గుఱ్ఱముపై 4 తీగలు, వెరసి 100 తీగలు సంప్రదాయపు లెక్క. పారసీకుల సంతూరునకు 18 గుఱ్ఱములు, 72 తీగలు. హంగేరీ దేశపు సింబలోము, ఐరోపాలోని ఇతర దేశముల డల్సిమరు ఈ వంశమువే. వీని యన్నింటికి ఒకటే బలము, ఒకటే బలహీనత: పలుచని పలకపై పెక్కు తీగల బిగువు. పలక పలుచనిదైనగాని పలుకదు. పలుచనిదగుటచేతనే ఏండ్లు గడచుకొలది తీగల ఒత్తిడికి క్రుంగును. పలికించు గుణమే దానిని చెఱచు గుణమును. వాద్యములు చేయువారికి ఇది మొదటి పాఠము.

సుత్తితో తీగను కొట్టు ఊహకు మీటలవరుసను జతచేసి, 1700 ప్రాంతమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున బార్తొలొమియో క్రిస్తోఫొరి యను పనివాడు పియానోను కనిపెట్టెను. అతడు చేసినవానిలో నేటికి మిగిలినవి మూడే. 1720 నాటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున, 1722 నాటిది రోమునగరమున, 1726 నాటిది జర్మనీలోని లైప్‌జిగున ఉన్నవి. రోములోనిది పురుగు తినిపోయి మ్రోగని స్థితిలో నున్నది. న్యూయార్కులోనిది మ్రోగునట్టిది, కాని దాని నాదఫలకమును 1938లో మార్చివేసిరి. కావున నేడు దానిపై వినబడునది క్రిస్తోఫొరి విన్న నాదమని చెప్పుటకు వీలులేదు. మ్రోగు వాద్యము సాక్ష్యమును పోగొట్టుకొన్నది. పురుగుతిన్న వాద్యము గొంతును పోగొట్టుకొన్నది. మన ఊహలోని మేనమామకును మేనకోడలికిని కల తగవు ప్రపంచపు పెద్ద ప్రదర్శనశాలలలోను తీరని తగవే.

ఇక మన వీణ. బరంపురమునకు దక్షిణముగా రైలుదారిని విజయనగరము చేరి, అచటనుండి రాయపూరు మార్గమున పోయినచో బొబ్బిలి. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి గ్రామమున సర్వసిద్ధి వంశీయులు తరతరములుగా వీణలు చేయుచున్నారు. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణమున పదునేడవ శతాబ్దిలో ఈ పని మొదలైనదని సంప్రదాయము. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టము క్రింద బొబ్బిలివీణకు గుర్తింపు లభించినది. వారు వాడునది పనసమ్రాను. పనసకొయ్య చెదకు త్వరగా లొంగదు; బాగుగా ఆరినపిదప మెలిక తిరుగుట తక్కువ; నాదమును మ్రింగక పలికించును. కోసిననాడు పసుపువన్నెతో నుండి, ఏండ్లు గడచుకొలది ముదురు తేనెవన్నెకు తిరుగును. పనసచెట్టు మన గంజాము వాకిళ్ళకును పరాయిది కాదు గనుక ఈ కొయ్య గుణమును చదువరులకు వేఱుగా వివరింప నక్కఱలేదు.

కుండయు దండియు ఒకే మ్రానున తొలిచి చేసిన వీణను ఏకాండి యందురు. వేఱువేఱు ముక్కలుగా చేసి అతికినది అతుకువీణ. పనివాడు కుండ లోపలిభాగమును ఉలితో తొలిచి గోడను పలుచన చేయును. దండిని దోనెవలె తొలిచి, పైని పలకలు కప్పును. దండి చివర యాళిముఖము, క్రింద ఆనికకు బుఱ్ఱ. మెట్లు 24; స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. ఈ మెట్లను మేకులతో కొట్టరు. తేనెమైనమును మసితో కలిపి కరగించి, దండికిరువైపుల గట్లుగా పోసి, అందు లోహపు మెట్లను నిలిపి, చెవితో సరిచూచుచు శ్రుతికి దిద్దుదురు. దీనినే మేళము కట్టుట యందురు. సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము అని నాలుగు వాయింపుతీగలు. ప్రక్కన తాళమునకును శ్రుతికిని మూడు. కుండపలక మీది గుఱ్ఱమునకు లోహపురేకు తొడుగుదురు. ఆ రేకు వంపులో వెండ్రుకవాసి తేడా వచ్చినను నాదము మూగవోవును.

ఇందలి భాగములకు ఆయువులు సమానములు కావు. తీగ కొలది నెలలకు తుప్పుపట్టును లేదా తెగును. మైనము ఎండవేడిమికి మెత్తబడి మెట్లు కదలును. కొన్ని ఏండ్లకొకమారు మేళము తిరిగి కట్టవలసినదే. మెట్లపై తీగరాపిడికి గాడులు పడును. వానిని ఆకురాయితో నునుపుచేసి, మఱి కొన్నాళ్ళకు మార్తురు. బిరడలు అరుగును. గుఱ్ఱపురేకును పలుమార్లు దిద్దవలెను. కుండపలక మనుష్యుని యాయువంత ఉండవచ్చును. కుండయు దండియు, నీరు, చెద, పాటులేనిచో, అంతకు మించియు నిలుచును.

ఇచ్చట ఒక రహస్యము కనబడుచున్నది. మెట్లను మేకుకొట్టక మైనమున నిలిపిన మొదటి పనివాడు, ఇవి మార్పబడునని ఎఱిగియే అట్లు చేసెను. కుండను దండిని ఒకే మ్రానున తొలిచినవాడు, ఇవి విడరాదని కోరియే అట్లు చేసెను. మైనము మార్పునకు అనుమతి; ఏకాండి మార్పునకు నిషేధము. పనివాని ఉద్దేశము పత్రమున వ్రాసియుండదు, అతుకులలో వ్రాసియుండును. చదువగలవానికి వాద్యమే వీలునామా. కావున తీగ మార్చినంతనే 'ఇది పాతవీణ కాదు' అనువాడు ఎంత తప్పో, కుండను మార్చి 'ఇది అదే వీణ' అనువాడును అంతే తప్పు. చిక్కంతయు నడుమ నున్నదాని విషయముననే: కుండపలక. అది మైనమునవలె సులభముగా విడదు; కుండవలె ఒకే కొయ్యయు కాదు. మన మేనకోడలు మార్పింపుమనుచున్నది సరిగా దానినే.

తత్త్వవేత్తలు ఈ చిక్కును ఎన్నడో ఎఱుగుదురు. గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు చెప్పిన కథ ప్రసిద్ధము. థీసియసు వీరుని ఓడను ఏథెన్సు ప్రజలు కాపాడుచు, కుళ్ళిన చెక్కలను తీసి క్రొత్తవి వేయుచు వచ్చిరి; అది అదే ఓడయా కాదా యని పండితులు వాదులాడిరి. పదునేడవ శతాబ్దిలో ఆంగ్లేయుడు హాబ్సు దానికి మఱొక ముడి వేసెను: తీసిపాఱవేసిన పాత చెక్కలను ఒకడు దాచి, వానితోనే మఱొక ఓడను కట్టెనేని, రెంటిలో ఏది నిజమైనది? మన దేశమున మిళిందపఞ్హ గ్రంథములో నాగసేనుడు యవనరాజును రథమును గూర్చి అడిగెను. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రము రథమా? ఏ ఒక్కటియు కాదు; అన్నియు కూడినపుడు వాడు వ్యవహారనామమే రథము.

వీణను గూర్చియే చెప్పిన కథ సంయుత్తనికాయమున కలదు. అంతకు మున్నెన్నడు వీణానాదమును వినని రాజొకడు దానికి ముగ్ధుడై, ఆ నాదమును తెచ్చి ఇయ్యుడని అడిగెను. వీణను తెచ్చి ఇచ్చిరి. వీణ నాకేల, నాదమే కావలెననెను. దోనె, తోలు, దండము, తీగలు, మీటుపుల్ల, వాయించువాని ప్రయత్నము ఇన్నియు కూడినగాని నాదము లేదని వారు విన్నవించిరి. రాజు వినక వీణను ముక్కలుచేసి, ముక్కలను పేళ్ళుచేసి, కాల్చి, బూడిదను గాలికి ఎగురబోసి, నాదమును కానక వీణనే నిందించెను. బుద్ధుడు ఈ కథను చెప్పినది నేను నాది యను భావమును పరిశోధించుటకు. కాని మన ప్రస్తుతమునకును ఇందు ఒక మాట పనికివచ్చును. ఆ కూర్పులో వాయించువాని ప్రయత్నమును ఒక భాగముగా లెక్కించిరి. మేనమామ దాచదలచిన వీణలో ఆ భాగము లేదు. పలక చీలినందుకు ఆయన దుఃఖించుచున్నాడు. కాని అంతకంటె ముఖ్యమైన భాగము ఏనాడో ఊడిపోయినది. దానిని తిరిగి తెచ్చుటకు సిద్ధముగా నున్నది ఆ బాలిక యొక్కతెయే.

ఇచట తొందరపడి తీర్పుచెప్పుట తగదు. పేరు నిలిచినంత మాత్రమున వస్తువు నిలిచినదనుకొనరాదు. అమరావతి శిల్పములలోని స్త్రీల చేతులలో నున్నది విల్లువలె వంగిన తంత్రీవాద్యము. సముద్రగుప్తుని నాణెములపై ఆయన ఒడిలోనున్నదియు అట్టిదే. దానిని వీణ యనిరి. మెట్లులేని ఆ వీణ నేడు మన దేశమున వాడుకలో లేదు. నేటి వీణకు 24 కదలని మెట్లు ఏర్పడినది తంజావూరు నేలిన తెలుగు నాయకరాజు రఘునాథుని కాలమున, పదునేడవ శతాబ్ది తొలిభాగమున అని చెప్పుదురు. పేరు ఒకటే, వస్తువులు రెండు. మార్పు మెల్లమెల్లగా జరిగినది గనుక పోయినదానికై ఏడ్చినవారు లేరు. పోయినదని తెలియకుండ పోవుట అన్నిటికంటె పెద్ద పోవుట. కావున మేనమామ భయము వట్టిది కాదు.

పాతది నిలుచుట యనునది మూడు పేటల త్రాడు. ద్రవ్యమొకటి, రూపమొకటి, పరంపర యొకటి. ఆ పనసకొయ్యయే ఉండుట ద్రవ్యము. ఆ కొలత, ఆ వంపు, ఆ పలుకు ఉండుట రూపము. చేతినుండి చేతికి, తెలిసి యిచ్చి తెలిసి పుచ్చుకొనుట పరంపర. మూడును ఉన్నచోట ప్రశ్నయే లేదు. ఒక పేట తెగినపుడు మిగిలిన రెండును గట్టిగా నుండవలెను. రెండు తెగినపుడు మూడవది ఒంటరిగా భారమును మోయజాలదు.

దీనికి దృష్టాంతము వెదకుటకు మనము ఏథెన్సు పోనక్కఱలేదు. పూరీలో జగన్నాథుని నవకళేబరము మన యెదుటనున్నది. అధికాషాఢము వచ్చిన కొన్ని సంవత్సరములలో, దైతాపతులు లక్షణములుగల వేపమ్రాకులను వెదకి తెచ్చి, దేవతామూర్తులను క్రొత్తగా చెక్కింతురు. 1950, 1969, 1977, 1996, 2015 సంవత్సరములలో ఇది జరిగినది. ద్రవ్యము పూర్తిగా మాఱును. అయినను ఇది వేఱొక దేవుడని ఏ భక్తుడును అనడు. కారణమేమి? రూపము విధిప్రకారము నిలిచినది. బ్రహ్మపదార్థము పాతమూర్తినుండి క్రొత్తమూర్తికి చేరు క్రమమున పరంపర తెగలేదు. అంతకంటెను మాకు గొప్పగా తోచునది మఱొకటి. మార్పును అచట దాచరు. పాతమూర్తులను కోయిలివైకుంఠమున సమాధి చేయుదురు. దైతాపతులు తమవారు పోయినట్లే మైల పాటింతురు. ఆపిమ్మట క్రొత్తమూర్తులకు ఉత్సవము. పోయినదానికి దుఃఖము, వచ్చినదానికి స్వాగతము, రెండును బహిరంగమే. పాతది పోలేదని బుకాయించుట లేదు. పోయినదేమున్నదిలే యని తేలికచేయుటయు లేదు. మార్పునకు ధర్మమిట్టిదని ఉత్కళభూమి మనకు నేర్పుచున్న పాఠమిది.

ఈ విచారమునుండి మూడు నియమములు తేలుచున్నవి. మొదటిది: బాగుచేయ వీలైనదానిని మార్చరాదు. చీలిన పలకలో పెక్కింటిని లోపలినుండి సన్నని చీలికలతో అతికి నిలుపవచ్చును. పనివానికి మార్చుట సులభము, అతుకుట కష్టము. ఆ కష్టమునకు తగిన కూలి యిచ్చుటకు ఇంటివారు వెనుదీయరాదు. రెండవది: చేసినదానిని రేపటివాడు విప్పుటకు వీలుగా చేయవలెను. వేడికిని తేమకును విడిపోవు వజ్రపుజిగురు పాత వడ్రంగులు వాడినది. ఒకమారు పట్టినచో కొయ్య చీలినగాని విడువని నేటి జిగురులు తొందరపాటునకు గుర్తులు. మన తెలివియే తుదితెలివి కాదని ఒప్పుకొనుట ఈ నియమమునకు మూలము. మూడవది: చేసినదానిని దాచరాదు. ఏ భాగమును ఎవరు ఏ సంవత్సరమున మార్చిరో ఒక కాగితమున వ్రాసి వీణపెట్టెలో నుంచవలెను; తీసిన పలకను పాఱవేయక దాచవలెను. ఈ మూడవది లేనిచో మొదటి రెండును నిరర్థకములు. మరమ్మతు తప్పు కాదు. మరమ్మతును కప్పిపుచ్చి పాతదిగా చలామణి చేయుటయే తప్పు. అది కొనువానికి చేయు మోసము మాత్రమే కాదు. మొదటి పనివాని పనిని తన పనితో కలిపి పేరులేకుండ చేయుట.

పాత వీణలలో కొన్నింటిపై ఏనుగుదంతపు నగిషీ కలదు. ఒక ముక్క ఊడిపోయినపుడు మరల దంతమునే పొదుగవలెనా? రూపముకొఱకు కావలెనని తోచవచ్చును. కాని వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. ఏనుగుదంతపు వ్యాపారమునకు నేడు మన దేశమున చట్టము ఒప్పుకొనదు, మనస్సాక్షియు ఒప్పుకొనరాదు. పాతదానిపై నున్న దంతమును పెఱికివేయుట చరిత్రను చెఱుపుట; క్రొత్తగా దంతము పొదుగుట పాపమును పునరుద్ధరించుట. ఖాళీని ఖాళీగానో, వేఱు పదార్థముతోనో పూరించి ఊరకుండుట మేలు. పాతదానియందలి భక్తికి సయితము ఒక హద్దు కలదనుటకు ఇది నిదర్శనము. పూర్వులను గౌరవించుట వేఱు. వారు చేసినదెల్ల మరల చేయుట వేఱు.

'ఈ నియమములన్నియు ప్రదర్శనశాలలకు. వాద్యము వాయించువాని సొత్తు, అతడు తన పాటకు తగినట్లు మార్చుకొనును' అని విద్వాంసులనవచ్చును. ఈ మాటయందును బలము కలదు. సూఫియానా సంగీతమున మాత్రమే వినబడుచుండిన సంతూరును పండిత శివకుమార శర్మ (1938–2022) హిందుస్తానీ రాగసంగీతమునకు తెచ్చినపుడు తీగల అమరికను మార్చెను. పీటపై నుంచు వాద్యమును ఒడిలోనికి తెచ్చెను. 1955లో బొంబాయిలో ఆయన తొలి కచేరి చేసిన పిదప, ఇది రాగమునకు తగదన్నవారును ఉండిరి. ఆయన మార్చియుండనిచో నేడు సంతూరు పేరును మనలో పెక్కురు విని యుండరు. కాని ఒక భేదము గమనింపవలెను. ఆయన మార్చినది వాద్యజాతిని; పూర్వుల చేతిపనియైన ఒకానొక ప్రాచీన వాద్యమును కాదు. జాతిని మార్చుటకు క్రొత్తది చేయించుకొనవచ్చును. వ్యక్తిని మార్చినచో ఆ వ్యక్తి మరల దొఱకదు. సాహసము క్రొత్త కొయ్యపై చేయవలెను. పాత కొయ్యపై వినయము చూపవలెను.

ఇక ఆ ఇంటి తగవును తీర్పవచ్చును. పలక అతుకుటకు వీలైనచో అతికించి బాలిక చేతికి ఈయవలెను. వీలుకానిచో, పాతపలకను దాచి, కాగితమున వ్రాసి, క్రొత్తపలక వేయింపవలెను. ద్రవ్యమున ఒక పాలు పోయినను రూపమును పరంపరయు నిలిచినవి. దండి వంగి, తీగల బిగువునకు తాళదని నిపుణుడు తేల్చినచో, ఆ వీణను బలవంతపెట్టక విశ్రాంతినిచ్చి, దాని కొలతలతో గొల్లపల్లినుండి బాలికకు మఱొకటి చేయింపవలెను. మేనమామ కొయ్యను కాపాడుకొనును. బాలిక పాటను కాపాడును. చేయువాని ఉలికి పని దొఱకును. ఏది జరిగినను బాలికకు వీణ లేకుండ చేయుట మాత్రము తీర్పు కానేరదు. అమ్మమ్మ చేయి కొయ్యకు మాత్రమే తగులలేదు. ఆమె నేర్పిన వ్రేళ్ళకును తగిలినది. రెంటిలో ఒకటే నిలుచునట్లయిన, నిలువవలసినది రెండవది.

ఈ మాటలు వ్రాయుచున్నపుడు మా తలపు వీణను దాటి పోకుండలేదు. 1936 ఏప్రిల్ 1న గంజాము మదరాసు రాజధానినుండి వేఱై ఒరిస్సా రాష్ట్రమున చేరినది. అప్పటినుండి ఇచటి తెలుగువారు ఒడియా బడిలో చదివి, ఒడియా కచేరీలలో వ్యవహరించి, ఇంటికి వచ్చి తెలుగు మాటాడుచున్నారు. మన పిల్లల తెలుగులో ఒడియా నుడికారము వినబడును; కొందఱికి మాట వచ్చును, అక్షరము రాదు. దక్షిణమునుండి వచ్చిన చుట్టము ఆ పలుకుబడిని విని నవ్వుట, పిల్లవాడు సిగ్గుపడి నోరుమూసికొనుట జరుగుచుండును. ఆ నవ్వు పలక చీలినదని వీణను అటక కెక్కించుట వంటిది. 'ఏ భాషయైన నేమి, ఉద్యోగమునకు పనికివచ్చినది చాలును' అనుట, అతుకగల వీణను కట్టెలక్రింద పెట్టుట వంటిది. మన తెలుగు ఏకాండి కాదు, అతుకువీణ. ఏకాండిలో నాదము అడ్డములేక ప్రసరించునని విద్వాంసులు మెచ్చుకొందురు, నిజమే. కాని కచేరీలలో అతుకువీణలపై మహావిద్వాంసులు పలికించిన నాదమును తక్కువదని అన్నవారెవ్వరు? అతుకు గట్టిదై, అతుకని ఒప్పుకొనునదైనచో, అందు లోపము లేదు.

అయినను ఈ పోలిక ఒకచోట ఆగును. వీణ తనకేమి కావలెనో చెప్పలేదు, పిల్లవాడు చెప్పగలడు. కొయ్యను దాచినట్లు మనుష్యుని దాచరాదు. మన పరంపరకై పిల్లలు పుట్టలేదు. వారికి పనికివచ్చుటకై పరంపర యున్నది. వద్దనువానిని బలవంతపెట్టుటకు మనకు అధికారము లేదు. కాని అడిగినవానికి లేదనుట, అడుగుటకు ముందే సిగ్గుపఱచుట, అధికారము లేకపోవుట మాత్రమే కాదు, అన్యాయము. మేనకోడలు అడిగినపుడు ఇంటిలో వీణ యుండవలెను; అది మ్రోగు స్థితిలో నుండవలెను; నేర్పువారొకరు ఉండవలెను. ఇంతవరకే పెద్దల ఋణము.

కావున చదువరులకు మా మనవి చిన్నది. ఇంట వాద్యమున్నవారు దానిని ఎండకు, తేమకు దూరముగా నుంచి, వాయింపని దినములలో తీగల బిగువు సడలింపుడు. అది ఎవరిదో, ఎవరు చేసినదో, ఎప్పుడేమి మార్చిరో తెలిసిన పెద్దలు బ్రతికియుండగనే వ్రాసి పెట్టెలో నుంచుడు. బాగుచేయించునపుడు పనివానిని తొందరపెట్టకుడు, కూలి తగ్గింపకుడు. నేర్చుకొందునను పిల్ల ఉన్నచో, గుడ్డ విప్పి వీణను ఆమె ఒడిలో పెట్టుడు. గీతలు పడును. మెట్లు అరుగును. అందులకే వానిని మైనమున నిలిపిరి.